రంగు ఎక్కడ వెయ్యకూడదంటే...

కారు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తారు. నాన్న మైలేజీ అడుగుతాడు. అమ్మ సీట్లు నొక్కి చూస్తుంది. పిల్లలు రంగు దగ్గర కొట్టుకుంటారు. వంగి చక్రం వెనక ఏముందో చూసేవాళ్లు మాత్రం దాదాపు ఉండరు. నిజానికి ఆ ఇంటిల్లిపాది ప్రాణాలూ ఉండేది అక్కడే!

ముందు చక్రం వెనక ఒక ఇనప పళ్లెం ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు, రోటర్ అనీ అంటారు. దాన్ని పట్టకారులా పట్టుకుని కూర్చునేది క్యాలిపర్. మనం పెడల్ మీద కాలు వెయ్యగానే క్యాలిపర్‌లోని ప్యాడ్లు తిరుగుతున్న డిస్కును రెండు పక్కల నుంచీ నొక్కుతాయి. ఆ రాపిడికి కారు ఆగుతుంది. వినడానికి ఇంతే. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజినీరు 1902లోనే ఇలాంటి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు ఆనాటి మట్టిరోడ్ల దుమ్ముకు ఇట్టే అరిగిపోయేవి. 1953లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాక గానీ ప్రపంచం వీటి సత్తా గుర్తించలేదు. ఇప్పుడు మన వీధిలో చిన్న కార్లకు కూడా ముందు చక్రాలకు ఇవే ఉంటున్నాయి.

రాత్రంతా వానలో తడిసిన కారును పొద్దున్నే గమనించండి. డిస్కు మీద ఎర్రటి పొర కనిపిస్తుంది. పక్కనే తడిసిన బైకు డిస్కు మాత్రం తళతళా మెరుస్తూ ఉంటుంది. బైకు డిస్కులు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలువి. కారువి పోత ఇనుముతో చేస్తారు. అందులో మూడు నాలుగు శాతం కార్బన్ ఉంటుంది. చవక, వేడిని బాగా లాగుతుంది, చప్పుడు తక్కువ. ఇన్ని సుగుణాలున్నా తుప్పు మాత్రం తప్పదు. పైపైన పట్టిన ఆ పొరతో భయం లేదు. బండి కదిలి నాలుగుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. తిరిగే బండికి తుప్పు తుడిచే మనిషి అక్కర్లేదు.

చిక్కల్లా తిరగని బండితోనే.

కొండ దిగుతుంటే కమురు వాసన

విశాఖపట్నంలో పెదవాల్తేరు వైపు, డాబా ఎక్కితే సముద్రం కనిపించే అపార్ట్‌మెంటులో ఒక టీచరమ్మ ఉంటారు. భర్తది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో సగం రోజులు సముద్రంలోనే. ఇంట్లో ఆవిడ, తల్లి, ఇద్దరు పిల్లలు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు వాళ్ల చిన్న కారు సెల్లార్‌లో ఆగిపోయింది. బడి లేదు, బజారు లేదు. బ్యాటరీ దిగిపోకూడదని ఆవిడ అప్పుడప్పుడూ కిందికి దిగి ఇంజిన్ స్టార్ట్ చేసి, పది నిమిషాలుంచి ఆపేసేవారు. ఇంజిన్ పదిలంగానే ఉంది. చక్రాలే కదల్లేదు. తర్వాత ఏడాదిన్నరలో బండి గేటు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2021 దసరాకు ముందు ఒక శనివారం తల్లి సింహాచలం వెళ్దామంది. ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతున్నట్టు అనిపించినా, నలుగురం ఉన్నాం కదా అనుకున్నారు టీచరమ్మ. దిగేటప్పుడు మాత్రం స్టీరింగు ఎడమ పక్కకు గుంజడం మొదలుపెట్టింది. మలుపులో బ్రేకు వేస్తే పెడల్ మెత్తగా, స్పాంజి తొక్కినట్టు లోపలికి దిగింది. వెనక సీట్లోంచి పెద్దావిడ "ఏదో కమురు వాసనొస్తోందే అమ్మా" అంది. రెండో గేరు, ఒకటో గేరు... హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి. ఎలాగో కిందికి చేరి పక్కన ఆపేశారు. ఎడమ ముందు చక్రం దగ్గర సెగ కొడుతోంది. అక్కడున్న ఆటో డ్రైవరు వచ్చి చూశాడు. పిల్లాడు నీళ్ల సీసా మూత తీస్తుంటే, "ఒద్దొద్దు బాబూ, కాలిన డిస్కు మీద నీళ్లు పడితే పగిలిపోద్ది, వంకరైనా పోద్ది. అదే సల్లారనీ" అని ఆపాడు. గాజువాక వైపు ఉన్న ఒక షెడ్డు ఫోను నంబరూ ఆయనే ఇచ్చాడు.

రేకుల షెడ్డు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు మెకానిక్. షెడ్డు మూల స్టూలు మీద అతని తండ్రి కూర్చుని ఉంటాడు. హిందుస్థాన్ షిప్‌యార్డులో పెయింటరుగా చేసి రిటైరైన మనిషి. 1948లో 'జల ఉష' ఓడ సముద్రంలోకి దిగిన ఆ యార్డులో ఆయన పని ఏళ్ల తరబడి ఒకటే. తుప్పు గీకడం, రంగు వెయ్యడం. విశాఖ వాళ్లకు తుప్పు గురించి వేరే చెప్పాలా! ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గేటు బందులు, టెర్రస్ మీద డిష్ యాంటెనాలు కళ్ల ముందే కరిగిపోతుంటాయి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా నిలబడ్డ కురుసుర జలాంతర్గామి లాంటిదానికైనా ఆ గాలిలో రంగు రక్షణ ఉండాల్సిందే. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. తడిసిన ఇనుమును తుప్పు త్వరగా తింటుంది.

కుర్రాడు చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేశాడు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. జాకీ ఎక్కించి, దాన్నొక్కదాన్నే నమ్మకుండా కింద ఇనప స్టాండు పెట్టాడు. చక్రం ఊడదీసి చూస్తే సంగతి తెలిసింది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులు ఉంటాయి. వాటిలో ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. కాలు తీసేసినా ప్యాడు డిస్కును వదలడం లేదు. దిగుతున్నంతసేపూ బ్రేకు తొక్కినట్టే లెక్క. ఆ వేడికి లోపలి బ్రేకు ఆయిలు మరిగి బుడగలు కట్టింది. పెడల్ మెత్తబడ్డది అందుకే. నెలల తరబడి ప్యాడు అంటుకుని ఉన్నచోట డిస్కు మీద గుంటలు పడ్డాయి. కనీసం ఎంత మందం ఉండాలో డిస్కు మీదే అంకె వేసి ఉంటుంది. కొలిస్తే దానికంటే తక్కువే ఉంది. మార్చాల్సిందే.

మార్చాలంటే ముందు పాతది ఊడాలి కదా!

సుత్తికి రానిది...

డిస్కు హబ్ మీద టోపీలా కూర్చుంటుంది. మధ్య రంధ్రానికీ హబ్‌కూ నడుమ వెంట్రుకంత సందు. అక్కడ చేరిన తడి ఇనుమును తుప్పుగా మార్చింది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే ఆ సందులో ఎవరో చీలలు కొట్టి బిగించినట్టే. చేత్తో లాగితే రాలేదు. కుర్రాడు క్యాలిపర్ విప్పి, దాని రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైన వేలాడదీశాడు. డిస్కును పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు తీశాడు. పెద్ద సుత్తి అందుకుని నాలుగు దెబ్బలు వేశాడు. ఊహూఁ. చెమట తుడుచుకుని, "మేడమ్, ఇది ఇప్పట్లో రాదు. పిన్ను సాపు చేసి, కొత్త ప్యాడ్లేసి బిగించేస్తాను. సాయంత్రానికి బండి తీసుకెళ్లిపోండి" అన్నాడు.

టీచరమ్మకు ఆ మాట నచ్చింది. సోమవారం బడి ఉంది. తల్లికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉంది. ఖర్చు కూడా సగమే. ఆవిడ తలూపబోతుంటే స్టూలు మీద నుంచి పెద్దాయన అడిగాడు.

"అమ్మా, పిల్లల్ని మళ్లీ ఈ బండిలోనే కొండెక్కిస్తావు కదా?"

ఆవిడ ఇంకేం మాట్లాడలేకపోయారు. "ఎన్ని రోజులైనా పర్లేదు బాబాయ్ గారూ, మార్చే ఇవ్వండి" అన్నారు.

పెద్దాయన లేచి కొడుకు చేతిలో సుత్తి తీసుకున్నాడు. "డిస్కెలాగూ పోయేదేరా. నువ్వు కొట్టే దెబ్బ దాని ఎనకాల బేరింగుకి తగుల్తాది. రేపు అది కుయ్యిమంటే మళ్లీ ఆయమ్మే రావాల. తుప్పుతో దెబ్బలాడకు, నానబెట్టు" అన్నాడు. తుప్పు వదిలించే పలచటి నూనె హబ్ చుట్టూ, స్టడ్ల మొదళ్లలో కొట్టించాడు. గంటకోసారి మళ్లీ మళ్లీ కొట్టించాడు. కుర్రాడు గ్యాసు మంటతో వేడి చేద్దామంటే ససేమిరా ఒప్పుకోలేదు. అక్కడ నూనె ఉంది, బేరింగులో గ్రీజు ఉంది, పక్కనే రబ్బరు ఉంది. మంట పెట్టే చోటా అది? ఆ రాత్రి అలా వదిలేశారు.

మర్నాడు పొద్దున కుర్రాడు డిస్కు టోపీ మీద తుప్పు గీకుతుంటే మరలున్న రెండు రంధ్రాలు బయటపడ్డాయి. చాలా కార్ల డిస్కులకు ఇవి ఉంటాయి. ఊడదీయడానికే కంపెనీవాళ్లు పెడతారు. తుప్పు కప్పేసిందేమో, ముందురోజు కనపడనే లేదు. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఎక్కించాడు. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. ఒకటే బిగిస్తే డిస్కు వంకరగా ఇరుక్కుంటుంది, ఆ చిన్న బోల్టూ తెగుతుంది. మధ్యమధ్య చెక్కముక్క అడ్డం పెట్టి, డిస్కును తిప్పుతూ నాలుగు పక్కలా మెల్లగా తట్టాడు. అయిదారు సార్లయ్యాక 'టప్' మని చప్పుడైంది. ఎర్రటి పొడి రాలింది. డిస్కు చేతిలోకి వచ్చేసింది. ముందురోజు పెద్ద సుత్తికి లొంగనిది రెండు చిన్న బోల్టులకు లొంగింది!

గంట టేపు, పది నిమిషాలు రంగు

ఊడింది కదా అని వెంటనే కొత్తది తొడిగేస్తే పని చెడినట్టే. హబ్ ముఖం మీద తుప్పు పలుకు ఒక్కటి మిగిలినా డిస్కు తిన్నగా కూర్చోదు. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా చాలు, బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కాలి కింద దడదడలాడుతుంది. అందుకని వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్దారు. ఇద్దరూ మూతికి మాస్కులు కట్టుకున్నారు. బ్రేకు దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి తుడవాలి.

రెండోరోజు సాయంత్రం బడి అయ్యాక టీచరమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. పదేళ్ల పిల్లాడు విప్పి పెట్టిన క్యాలిపర్ చూసి, "తాతా, దీనికి రెడ్ కలర్ వేస్తారా? రేసు కార్లకు ఉంటుంది" అన్నాడు. కుర్రాడు ఉత్సాహంగా షెడ్డులో మిగిలిన ఎర్ర ఎనామిల్ డబ్బా తెచ్చాడు. పెద్దాయన మూత కూడా తియ్యనివ్వలేదు. "ఇది గేటుకి రంగు. ఇక్కడి వేడికి రెండు నెల్ల్లో పొక్కులొచ్చి ఊడిపోద్ది" అన్నాడు. మరి ఓడలకు వేసే రెడాక్సైడు? "ఓడకి ఉప్పునీళ్లు. దీనికి నిప్పు. దాని మందు దీనికి పనికిరాదు" అన్నాడు. ఘాట్ రోడ్డులో గట్టిగా బ్రేకు వేస్తూ దిగితే డిస్కు వందల డిగ్రీలు కాగుతుంది. అందుకని వేడికి తట్టుకునే రంగే కొనుక్కురమ్మన్నాడు. సైలెన్సర్లకు, క్యాలిపర్లకు వేసేది. "రంగు బాబు ఇష్టం. డబ్బా మీద ఎన్ని డిగ్రీలని రాసుందో అది మాత్రం సూడు."

రంగు వచ్చింది, ఎరుపే. కానీ పెద్దాయన వెంటనే వెయ్యలేదు. కాగితాలు, టేపు తీసుకుని కూర్చున్నాడు. ఇంత చిన్న పనికి ఇంత టేపు ఎందుకో పిల్లాడికి అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. ప్యాడు రాసుకునే డిస్కు ముఖం మీద రంగు పడకూడదు, పడితే బ్రేకు జారుతుంది. హబ్‌కు ఆనే చోట పడకూడదు, డిస్కు తిన్నగా కూర్చోదు. చక్రం ఆనే చోట దట్టంగా పడకూడదు. ఆ రంగు తర్వాత నలిగిపోతే బిగించిన నట్లు వదులవుతాయి. పిన్నులకు, ప్యాడ్లు జరిగే గాళ్లకు అంటకూడదు. అంటితే మళ్లీ కొండ మీద కథే. పిస్టన్ రబ్బరు మీద, గాలి తీసే చిన్న నిపుల్ మీద పడకూడదు. అన్నీ మూసేశాక మిగిలింది కాస్తే. క్యాలిపర్ వీపు, దాన్ని మోసే బ్రాకెట్ పైభాగం, డిస్కు టోపీ పక్కలు, అంచు.

"రంగెయ్యడం ఎవుడైనా ఏస్తాడు. ఎక్కడెయ్యకూడదో తెలిస్తేనే పెయింటరు" అన్నాడు పెద్దాయన. టేపు వెయ్యడానికి గంట పట్టింది. రంగుకు పది నిమిషాలు. ఒకేసారి దట్టంగా కాకుండా, ఆరనిచ్చి ఆరనిచ్చి మూడు పలచటి పూతలు.

డిస్కులు రెండు పక్కలా కొత్తవే వేశారు. ఒకటే మారిస్తే బండి మళ్లీ ఓ పక్కకు లాగుతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో తుడిచారు. హబ్ గుండు చుట్టూ రాగి గ్రీజు పలచగా, వేలితో రాసీ రాయనట్టు రాశారు. పిన్నులకు మాత్రం మామూలు గ్రీజు కాదు, రబ్బరును ఉబ్బించని బ్రేకు గ్రీజే పెట్టారు. కాగిపోయిన పాత ఆయిలు తీసేసి కొత్తది పోశారు. ఆ ఆయిలు చుక్క పడితే రంగు ఊడిపోతుంది. అందుకే పక్కనే తడిగుడ్డ. చివర్లో పెద్దాయన టీచరమ్మను సీట్లో కూర్చోబెట్టి, గట్టిపడేదాకా పెడల్ తొక్కించాడు. ఇది మరిచిపోయి బండి కదిలిస్తే మొదటిసారి బ్రేకు పడనే పడదు. తర్వాత ఖాళీ రోడ్డులో మెల్లగా, ఆపి ఆపి తొక్కుతూ కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చెయ్యమని చెప్పి పంపాడు.

ఇంటివాళ్లు చూసుకోదగ్గవి

ఈ పనంతా ఇంట్లో చేసుకోమని కాదు. చేసేవాళ్లు మెకానిక్కులే. కానీ కొన్ని చిహ్నాలు ఎవరైనా పట్టుకోవచ్చు. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా? దిగి చూస్తే ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ, కమురు వాసన ఉన్నాయా? డిస్కు మీద గుండ్రంగా గాళ్లు పడ్డాయా? పెడల్ మెత్తబడిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా షెడ్డుకు వెళ్లడమే. ఊరెళ్తూ బండిని నెలల తరబడి ఉంచాల్సి వస్తే ఇంజిన్ స్టార్ట్ చేయించడంతో సరిపెట్టకండి. వారానికోసారి పది నిమిషాలు తిప్పమని తెలిసినవాళ్లకు తాళం ఇవ్వండి. సమతలం మీద ఉంటే హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా గేరులో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టండి. కడిగిన బండిని అలాగే నిలబెట్టకుండా వీధి చివరిదాకా ఓసారి తిప్పి, బ్రేకు వేస్తూ ఆరబెట్టండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

చక్రాలు విప్పినప్పుడు ఒక్క మాట అడగండి. హబ్ శుభ్రం చేశారా, పిన్నులు జరుగుతున్నాయా అని. అడిగేవాళ్లుంటే చేసేవాళ్ల చెయ్యి కూడా జాగ్రత్తగా పనిచేస్తుంది.

2023లో వానలు వెనకబట్టాక టీచరమ్మ బండి మళ్లీ అదే షెడ్డుకు వచ్చింది. ఈసారి ఏ చెడూ లేదు, ఊరికే చూపించుకోవడానికే. కుర్రాడు చక్రం తీసి, క్యాలిపర్ విప్పి, అలవాటుగా నూనె డబ్బా అందుకోబోయాడు. దాని అవసరం రాలేదు. డిస్కును అరచేత్తో ఒక్కసారి తట్టాడు. చక్కగా చేతిలోకి వచ్చేసింది. హబ్ అప్పుడు రుద్దినట్టే తెల్లగా ఉంది. ఎరుపు రంగు కాస్త వెలిసి, క్యాలిపర్ అంచున రాయి తగిలినచోట గోరంత పెచ్చు లేచింది.

కుర్రాడు తండ్రి వంక చూసి నవ్వాడు. పెద్దాయన స్టూలు మీద నుంచి లేవకుండానే కళ్లు చిట్లించి ఆ పెచ్చు వైపే చూశాడు.

"బాగుంది గానీ... అక్కడ గీకి ఇంకో పూతెయ్యి. ముందు టేపెట్టు."